ఆపరేషన్ డబ్బు ఫోనులోనే పోతే?



ఈ పేజీలో మేము ఎప్పుడూ షుగరు గురించో, రక్తపోటు గురించో, బాలింతల ఆహారం గురించో వ్రాస్తూ ఉంటాము. ఈసారి ఫోను గురించి వ్రాస్తున్నాము. "నర్సులకు ఫోన్ల సంగతి ఎందుకు?" అని మీరు అడగవచ్చు. కారణం ఉన్నది.

కొంతకాలం క్రితం ఒక సోమవారం ఉదయం ఓ.పి. బల్లమీద ఒక తల్లి కూర్చొని ఉన్నది. శామీర్‌పేట వైపు పల్లె నుండి వచ్చింది. గర్భసంచిలో గడ్డల వలన నెలల తరబడి రక్తస్రావం అవుతున్నది. ఆ రోజు అడ్మిట్ కావలసిన మనిషి. బి.పి. చూస్తే 180/110 ఉన్నది. ఎంత అడిగినా మాట్లాడదు. ప్రక్కన కొడుకు తల వంచుకొని నిలబడ్డాడు. చివరకు ఆమె మా చెయ్యి పట్టుకొని, "సిస్టరమ్మా, పైసలన్నీ పోయినయ్. నా కొడుకును ఏమనకుండ్రి. వాడు నా కోసమే చేసిండు" అన్నది.

జరిగింది ఇది. శనివారం సాయంత్రం కొడుకు మన ఆసుపత్రి నెంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికాడు. మొదట కనిపించిన నెంబరుకు ఫోను చేశాడు. అది మనది కాదు. అవతలి వ్యక్తి చక్కగా తెలుగులో మాట్లాడి, "అపాయింట్‌మెంట్ ఖాయం చేయాలంటే 10 రూపాయలు కట్టాలి, వాట్సాప్‌లో ఫైలు పంపుతాము, నొక్కండి" అన్నాడు. ఆ ఫైలు నొక్కగానే ఫోనులో ఒక యాప్ ఎక్కింది. అందులో పేరు, ఏ.టి.ఎం. కార్డు నెంబరు, పిన్ అడిగితే ఆ అబ్బాయి అన్నీ ఇచ్చాడు. ఆ రాత్రి అందరూ నిద్రలో ఉండగా ఖాతాలో ఉన్న 68,000 రూపాయలు నాలుగు విడతలుగా పోయాయి. అది బర్రెను అమ్మిన డబ్బు, చిట్టీ ఎత్తిన డబ్బు.

ఆదివారమంతా వారు ఎవరికీ చెప్పలేదు. సిగ్గు, భయం. సోమవారం మేమే దగ్గర కూర్చొని ఫిర్యాదు చేయించాము. అప్పటికి దాదాపు 36 గంటలు గడిచిపోయాయి. 11,500 రూపాయలు మాత్రమే బ్యాంకులో ఆగింది. ఆపరేషన్ ఐదు వారాలు వాయిదా పడింది. కూతురు మెడలోని బంగారం తాకట్టు పెట్టి తిరిగి వచ్చేసరికి, 8.4 ఉన్న హిమోగ్లోబిన్ 6.8కి పడిపోయింది. రెండు యూనిట్ల రక్తం ఎక్కించిన తరువాతనే ఆపరేషన్ చేయగలిగారు. దేవుని దయవలన ఇప్పుడు ఆమె క్షేమంగా ఉన్నది.

కనుక ఇది ఆరోగ్య విషయమే. ఫోనులో పోయిన డబ్బు వెంట ఆపరేషన్ పోతుంది, మందులు పోతాయి, నిద్ర పోతుంది.

ఈ మోసం ఎలా పనిచేస్తుంది?

ఆ అబ్బాయి నొక్కిన ఫైలు పేరు చివర "ఏ.పి.కె." అనే మూడు అక్షరాలు ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు అది. ప్లే స్టోరులో నుండి కాకుండా వాట్సాప్‌లో వచ్చిన ఇటువంటి ఫైలును ఎక్కిస్తే, అది మొదట "మెసేజీలు చూడటానికి అనుమతి ఇవ్వండి" అని అడుగుతుంది. మనము "అలో" నొక్కగానే, బ్యాంకు నుండి వచ్చే ఓ.టి.పి. మన ఫోనుకు రావడంతోపాటు దొంగకు కూడా చేరిపోతుంది. మనము ఎవరికీ ఓ.టి.పి. చెప్పకపోయినా డబ్బు పోవడానికి కారణం ఇదే.

ఈ ఫైళ్ళు రకరకాల పేర్లతో వస్తాయి. ట్రాఫిక్ చలానా అంటారు, పి.ఎం. కిసాన్ అంటారు, బ్యాంకు బహుమతి పాయింట్లు అంటారు, పెళ్ళి పిలుపు అని కూడా పంపుతారు. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో భూములు అమ్ముకున్న కుటుంబాలు ఉన్నాయి. ఖాతాలో కొంచెం డబ్బు నిలువ ఉన్నదని తెలిస్తే దొంగలు వదిలిపెట్టరు.

గుర్తుంచుకోండి: ఏ ఆసుపత్రి అపాయింట్‌మెంట్‌కూ ఏ.పి.కె. ఫైలు అవసరం లేదు. మన ఆసుపత్రి నెంబరు మీ ఓ.పి. చీటీ పైభాగాన అచ్చువేసి ఉన్నది. ఆ నెంబరుకే చేయండి. బ్యాంకు నెంబరు కావాలంటే పాసుబుక్కు మీద, ఏ.టి.ఎం. కార్డు వెనుక ఉంటుంది. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన నెంబరును నమ్మకండి. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2025 అక్టోబరు చివరికల్లా బ్యాంకులు తమ వెబ్‌సైట్లను "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అనే చివరి పేరుకు మార్చుకోవలసి ఉండింది. బ్యాంకు వెబ్‌సైటు తెరిచేటప్పుడు ఆ చివరి పేరును కూడా చూడండి.

మా తప్పు కూడా ఒప్పుకుంటున్నాము

ఇతరులకు చెప్పేముందు మా సంగతి చెప్పాలి. ఈ పత్రిక వెనుక పేజీలో "ప్రార్థన మనవులు" అనే శీర్షిక క్రింద రోగి పేరు, ఊరు, వార్డు, జబ్బు, ఇంటివారి ఫోను నెంబరు వేసేవాళ్ళము. పరామర్శించడానికి వీలుగా ఉంటుందని మంచి ఉద్దేశముతోనే వేశాము. ఒకరోజు కొంపల్లిలో ఉండే ఒక కుమార్తెకు ఫోను వచ్చింది. "మీ నాన్నగారు మేల్ వార్డులో ఉన్నారు కదా, కిడ్నీ సమస్య కదా, డాక్టరుగారు అర్జెంటుగా ఇంజెక్షన్ వ్రాశారు, 18,000 పంపండి" అన్నారు. వార్డు తెలుసు, జబ్బు తెలుసు, పేరు తెలుసు. ఆమె ఎందుకు అనుమానిస్తుంది? వెంటనే పంపింది. వార్డుకు వచ్చి అడిగితే అటువంటి ఇంజెక్షనే లేదు.

ఆ వివరాలు దొంగకు మా పేజీ నుండే అందాయని మేము అర్థం చేసుకున్నాము. ఆ కుటుంబాన్ని క్షమాపణ అడిగాము. ఇప్పుడు ఆ శీర్షికలో పేరు మాత్రమే వేస్తున్నాము. అది కూడా రోగి ఒప్పుకుంటేనే. జబ్బు, వార్డు, ఫోను నెంబరు వేయము. సంఘముల వాట్సాప్ గ్రూపులలో కూడా ఇలాగే జాగ్రత్త పడవలసిందిగా కోరుతున్నాము. ప్రార్థన చేయడానికి ఫోను నెంబరు అవసరం లేదు కదా!

ఇంకొకటి. మా స్టాఫ్ నర్సులలో ఒక అమ్మాయికి రాత్రి డ్యూటీలో, తనతో చదువుకున్న స్నేహితురాలి నెంబరు నుండి మెసేజీ వచ్చింది. "నా కోడ్ పొరపాటున నీ ఫోనుకు వచ్చింది, కొంచెం పంపవా" అని. ఆరు అంకెల కోడ్ పంపింది. రెండు నిమిషాలలో ఆమె వాట్సాప్ ఆమె చేతిలో లేదు. స్నేహితురాలి వాట్సాప్ అంతకుముందే దొంగ చేతికి పోయింది. ఇప్పుడు దొంగ మా నర్సు పేరుతో అందరికీ "ఒక పేషెంటుకు అర్జెంటుగా రక్తం కావాలి, 5,000 పంపండి" అని పెట్టాడు. సంఘంలో ఇద్దరు పంపారు కూడా. నర్సు అడిగితే కాదంటారా?

అందుకని ఒక నియమం పెట్టుకున్నాము. మీరు కూడా పెట్టుకోండి. డబ్బు అడుగుతూ మెసేజీ వస్తే, ఎవరి పేరుతో వచ్చినా, ఆ మనిషికి మామూలు ఫోను చేసి గొంతు విని మాట్లాడిన తరువాతనే పంపాలి. ఆసుపత్రి డబ్బు అయితే కౌంటరులోనే కట్టి రసీదు తీసుకోవాలి. మా నర్సులు గాని, వార్డు బాయ్‌లు గాని ఫోనులో డబ్బు అడగరు.

వార్డులో మేము చేసేదే ఫోనులో మీరు చేయండి

ఫోను భద్రత అంటే చదువుకున్నవారికే తెలిసే విద్య అని చాలామంది భయపడతారు. అటువంటిదేమీ లేదు. వార్డులో మేము రోజూ పాటించే పద్ధతులే ఇక్కడ కూడా పనికివస్తాయి.

1. ఒక రోగికి వాడిన సూది మరొకరికి వాడము. అలాగే ఒక ఖాతాకు పెట్టిన పాస్‌వర్డు మరొక ఖాతాకు పెట్టకండి. ఎక్కడో ఒకచోట ఆ పాస్‌వర్డు బయటపడితే, దొంగలు అదే పాస్‌వర్డును మీ ఈమెయిలులో, మీ బ్యాంకులో వేసి చూస్తారు. పుట్టినరోజు, బండి నెంబరు, పిల్లల పేర్లు పెట్టకండి. మీకు మాత్రమే గుర్తుండే నాలుగైదు మాటలు కలిపి పొడవుగా పెట్టుకోండి. అన్నిటికంటే ఈమెయిలు పాస్‌వర్డు ముఖ్యం. ఎందుకంటే మిగిలిన ఖాతాల పాస్‌వర్డులు మార్చే లింకులు ఈమెయిలుకే వస్తాయి.

2. రక్తం ఎక్కించేముందు ఇద్దరము కలిసి సంచి మీద నెంబరు, రోగి పేరు సరిచూస్తాము. ఒకరు పొరబడినా రెండవవారు పట్టుకుంటారు. ఫోనులో దీనినే "టూ స్టెప్ వెరిఫికేషన్" అంటారు. వాట్సాప్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, అకౌంట్ నొక్కితే ఇది కనిపిస్తుంది. ఆరు అంకెల పిన్ మీరే పెట్టుకోవాలి. అప్పుడు దొంగ చేతికి కోడ్ పోయినా, పిన్ లేకుండా మీ వాట్సాప్‌ను తెరవలేడు. మా నర్సు ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ రాత్రి అంత పని జరిగేది కాదు. ఈమెయిలుకు కూడా ఇది పెట్టుకోండి.

3. టీకా జబ్బు రాకముందే వేయించాలి. ఫోను, కంప్యూటరు "అప్‌డేట్" అడిగితే అది టీకా వంటిదే. దీనికి ఒక పెద్ద ఉదాహరణ ఉన్నది. 2017 మే 12న "వాన్నాక్రై" అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, డబ్బు ఇస్తేనే తెరుస్తామని బెదిరించింది. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రుల పని ఆగిపోయింది, ఎందరో రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. విచారకరమైన సంగతి ఏమంటే, దానికి మందు అంతకు రెండు నెలల ముందే, 2017 మార్చిలోనే, మైక్రోసాఫ్ట్ కంపెనీ విడుదల చేసింది. వేసుకోనివారికే జబ్బు వచ్చింది.

4. కేస్ షీటు పోతే వైద్యం గుడ్డిదవుతుంది. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్ల మీద ఇటువంటి దాడే జరిగింది. దేశంలోనే పేరున్న ఆసుపత్రిలో సుమారు రెండు వారాలపాటు ఓ.పి. రిజిస్ట్రేషన్లు, ల్యాబ్ రిపోర్టులు చేతితో వ్రాసుకోవలసి వచ్చింది. మీ స్కానింగులు, రిపోర్టులు, డిశ్చార్జి కాగితాలు ఒక్క ఫోనులోనే ఉంచుకోకండి. ఇంట్లో ఒక ఫైలులో కాగితం కాపీ, నమ్మకమైన మరొకరి ఫోనులో ఒక కాపీ ఉంచండి. ఫోను పోయినా, పగిలినా వైద్యం ఆగదు.

5. మందుల అలమరకు తాళం ఉంటుంది. ఫోనుకు కూడా స్క్రీన్ లాక్ పెట్టండి. రాత్రివేళ వార్డులో ఫోను ఛార్జింగుకు పెట్టి నిద్రపోతే పోగొట్టుకున్నవారు ఉన్నారు. కొంతమంది పెద్దవారు ఏ.టి.ఎం. పిన్‌ను కార్డు కవరు మీద, ఫోను పౌచ్ లోపల వ్రాసుకుంటారు. దయచేసి అలా చేయకండి. గుర్తుండకపోతే ఇంట్లో నమ్మకమైన ఒక మనిషికి చెప్పి ఉంచండి.

జిరాక్స్ షాపులో, మీ-సేవలో జాగ్రత్త

రిపోర్టు ప్రింటు తీయించడానికి చాలామంది జిరాక్స్ షాపు కంప్యూటరులో తమ వాట్సాప్ తెరుస్తారు. పని కాగానే బయటకు వచ్చేస్తారు. వాట్సాప్ మాత్రం అక్కడే తెరిచి ఉంటుంది! మీ మెసేజీలన్నీ, ఫొటోలన్నీ ఆ షాపులో ఎవరైనా చూడవచ్చు. ఇప్పుడే మీ వాట్సాప్‌లో "లింక్డ్ డివైసెస్" అనే చోట చూడండి. మీకు తెలియని కంప్యూటరు పేరు ఏదైనా ఉంటే దానిమీద నొక్కి "లాగ్ అవుట్" చేయండి. ప్రింటు కోసం ఆ ఒక్క కాగితాన్నే షాపువారికి పంపి, ప్రింటు వచ్చాక మీ ఎదుటే తీసివేయించండి.

ఆధార్ కాపీ ఇచ్చేటప్పుడు, వీలైనచోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే "మాస్క్‌డ్ ఆధార్" ఇవ్వండి. వేలిముద్ర సంగతి కూడా తేలికగా తీసుకోకండి. 2018లో మన తెలంగాణలోనే, పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి, భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీద ఉన్న వేలిముద్రలను ఇంటర్నెట్ నుండి తీసుకొని, రబ్బరు ముద్రలు తయారుచేసి, వేల సిమ్ కార్డులను ఇతరుల పేరున తెరిచాడని పోలీసులు బయటపెట్టారు. వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతి కూడా ఉన్నది కనుక, ఆధార్ యాప్‌లో గాని ఆధార్ వెబ్‌సైటులో గాని "బయోమెట్రిక్ లాక్" పెట్టుకోవచ్చు. అయితే రేషనుకో పెన్షనుకో వేలు పెట్టవలసినవారు ఆ రోజు లాక్ తీసి, పని అయ్యాక తిరిగి పెట్టుకోవాలి.

మీ పేరు మీద ఎన్ని సిమ్ కార్డులు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖవారి "సంచార్ సాథి"లో చూసుకోవచ్చు. 2023 మేలో ఇది మొదలైంది. మీవి కాని నెంబర్లు కనిపిస్తే అక్కడే చెప్పవచ్చు. ఫోను పోతే అదే చోట ఐ.ఎం.ఈ.ఐ. నెంబరు ఇచ్చి ఫోనును పనిచేయకుండా ఆపవచ్చు. ఫోనులో స్టార్, హాష్, 06, హాష్ నొక్కితే ఆ నెంబరు వస్తుంది. ఈ రోజే నొక్కి ఇంట్లో క్యాలెండరు వెనుక వ్రాసిపెట్టుకోండి.

పెద్దవారిని భయపెట్టే మోసం

2025 సెప్టెంబరులో హైదరాబాదులో ఒక విశ్రాంత వైద్యురాలు గుండెపోటుతో మరణించారు. అంతకుముందు దాదాపు మూడు రోజులపాటు మోసగాళ్ళు పోలీసులమని, కోర్టు అని వీడియో కాల్‌లో బెదిరిస్తూ ఆమెను వేధించారు. ఆరున్నర లక్షలకు పైగా పంపించుకున్నారు. జీవితమంతా ఇతరుల ప్రాణాలు కాపాడిన మనిషి ఆమె. చదువు ఉన్నంత మాత్రాన భయం రాకుండా ఉండదు.

దీనిని "డిజిటల్ అరెస్ట్" అంటున్నారు. మన చట్టంలో అటువంటి అరెస్టు లేనే లేదు. ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబరు 27న "మన్ కీ బాత్"లో ఈ మాట దేశానికంతటికీ చెప్పారు. పోలీసులు వీడియో కాల్‌లో అరెస్టు చేయరు, కేసు కొట్టివేయడానికి డబ్బు పంపమనరు.

నర్సులుగా మేము చెప్పేది ఒకటి ఉన్నది. ఎడతెగని భయంలో గుండె వేగం పెరుగుతుంది, బి.పి. పెరుగుతుంది. ఆ స్థితిలో మనిషి వేళకు మాత్ర వేసుకోడు, తినడు, నిద్రపోడు. బి.పి., షుగరు, గుండెజబ్బు ఉన్నవారికి ఇది ప్రాణాపాయం. మీ ఇంట్లో పెద్దవారు గది తలుపు వేసుకొని గంటల తరబడి ఫోను ముందు కదలకుండా కూర్చుంటే, ఎవరితోనూ మాట్లాడకపోతే, ఉన్నట్టుండి ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయాలంటే, తలుపు తట్టి లోపలికి వెళ్ళండి. ఫోను మీరే తీసుకొని కట్ చేయండి. తరువాత మంచినీళ్ళు ఇచ్చి, బి.పి. చూపించండి. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. డబ్బు సంగతి తరువాత.

ప్రథమ చికిత్స: డబ్బు పోతే ఏమి చేయాలి?

పాము కరిచినప్పుడు మంత్రాలకోసం తిరిగి ఆలస్యం చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడ కూడా మొదటి గంటే ముఖ్యం. దొంగలు డబ్బును ఒక ఖాతాలో ఉంచరు. నిమిషాలలో ఎన్నో ఖాతాలకు పంచి, ఏ.టి.ఎం.లలో తీసేస్తారు. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేష్ కో-ఆపరేటివ్ బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడి 12 కోట్లకు పైగా కాజేసినప్పుడు, ఆ డబ్బును వందకు పైగా ఖాతాలకు మళ్ళించారు. అంతకు రెండు నెలల ముందు బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన నకిలీ ఈమెయిలును తెరవడం వల్లనే దొంగలు లోపలికి వచ్చారని పోలీసులు చెప్పారు. బ్యాంకుకే అలా జరిగితే మనమెంత? కాబట్టి:

1. వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయండి. ఇది ప్రభుత్వ సైబర్ మోసాల నెంబరు. డబ్బు ఏ ఖాతాకు చేరిందో ఆ బ్యాంకుకు వెంటనే సమాచారం పంపి, తీయకముందే ఆపించే ప్రయత్నం చేస్తారు. మోసం జరిగిన ఫోనులో ఇంటర్నెట్ ఆపివేసి, వేరే ఫోను నుండి చేయండి.

2. ఎంత పోయింది, ఏ సమయానికి పోయింది, ఏ బ్యాంకు, లావాదేవీ నెంబరు ఎంత – ఇవి దగ్గర పెట్టుకోండి. బ్యాంకు మెసేజీలో ఉంటాయి.

3. బ్యాంకుకు చెప్పి కార్డు, యు.పి.ఐ. ఆపించండి.

4. "సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్" వెబ్‌సైటులో ఫిర్యాదు వ్రాయండి. వ్రాయడం రాకపోతే దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్ళండి. మన రాష్ట్రంలో 2023లో ఏర్పడిన తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఈ పని చూస్తున్నది. పోలీసు స్టేషన్లలో "సైబర్ వారియర్" అనే కానిస్టేబుళ్ళకు ఈ పనిలో శిక్షణ ఇచ్చారు.

5. మెసేజీలు, కాల్ వివరాలు కోపంతో తీసివేయకండి. అవే సాక్ష్యం. స్క్రీన్ ఫొటోలు తీసిన తరువాతనే ఆ యాప్‌ను తీసివేయించండి. పాస్‌వర్డులన్నీ వేరే ఫోను నుండి మార్చండి.

6. ఫిర్యాదు నెంబరును జాగ్రత్తగా ఉంచుకోండి. బ్యాంకుల్లో ఆగిన డబ్బును లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించే పద్ధతి 2024 నుండి తెలంగాణలో నడుస్తున్నది.

7. "పోయిన డబ్బు తెప్పిస్తాము, ముందు ఫీజు కట్టండి" అని తరువాత ఎవరైనా ఫోను చేస్తే అది రెండవ మోసం. నమ్మకండి.

యువతీయువకులకు ఒక మాట. "నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్ళు ఇవ్వు, కమీషన్ ఇస్తాము" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దొంగ డబ్బు తిరిగే ఖాతాలు అలా ఇచ్చినవే. మీకు రెండు వేలు వస్తాయి, పోలీసు కేసు మీ పేరున వస్తుంది. ఆ ఖాతాలో తిరిగేది ఏ తల్లి ఆపరేషన్ డబ్బో ఒక్కసారి ఆలోచించండి.

మీరు అడిగిన ప్రశ్నలు

ప్రశ్న: డబ్బు మనకు రావాలన్నా పిన్ నొక్కాలా?
జవాబు: అవసరం లేదు. యు.పి.ఐ. పిన్ డబ్బు పంపడానికి, ఖాతాలో ఎంత ఉన్నదో చూసుకోవడానికే. "డబ్బు పంపుతున్నాము, కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి" అంటే మీ డబ్బు తీసుకుంటున్నారని అర్థం.

ప్రశ్న: ఆరోగ్యశ్రీ గురించి ఫోను చేసి ఓ.టి.పి. అడిగారు. చెప్పవచ్చునా?
జవాబు: చెప్పకండి. కార్డు పట్టుకొని ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటరుకు రండి. మీ ఎదుట కూర్చున్న మనిషితోనే పని చేయించుకోండి.

ప్రశ్న: నాకు చదువు రాదు. ఫోనులో డబ్బు పంపడం వార్డులో ఎవరినైనా అడగవచ్చునా?
జవాబు: తెలియనివారికి ఫోను, పిన్ ఇవ్వకండి. కౌంటరులో నగదు కట్టవచ్చు. లేదా మీ ఇంటివారు వచ్చేవరకు ఆగండి. డబ్బు ఆలస్యమైందని అత్యవసర వైద్యం ఆపము.

చివరి మాట

ఈ వ్యాసం మొదట్లో చెప్పిన అబ్బాయి సంగతి మరల చెప్పాలి. తల్లి ఆపరేషన్ అయ్యేవరకు అతడు వార్డు బయట వరండాలోనే పడుకున్నాడు. అన్నం సరిగా తినలేదు. "నేనే చంపేసేటోణ్ణి మేడం" అన్నాడు ఒకరోజు. అతడు చేసింది తప్పు కాదు, అతడిని మోసం చేశారు. ఆ మాట మేము ఎన్నిసార్లు చెప్పినా అతనికి ధైర్యం రాలేదు. తల్లి నిద్ర లేచి, "అన్నం తిన్నవా బిడ్డా" అని అడిగినప్పుడే ఏడ్చాడు. ఆ తరువాతనే తిన్నాడు.

రొమ్ములో గడ్డను సిగ్గుతో దాచుకొని ఆలస్యంగా వచ్చేవారిని మేము ఎందరినో చూశాము. ఫోను మోసాన్ని దాచడం కూడా అలాంటిదే. దాచినకొద్దీ నష్టం పెరుగుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే తిట్టకండి. "ఇంత కూడా తెలియదా" అనకండి. తిడతారనే భయంతోనే వారు ఆ మొదటి గంటను పోగొట్టుకుంటారు. ప్రక్కన కూర్చొని, వెంటనే 1930కి ఫోను కలపండి.

ఈ నెలలో మీ ఇంట్లో ఒక సాయంత్రం దీనికోసం కేటాయించండి. పిల్లలు పెద్దవారి ఫోనులో టూ స్టెప్ పిన్ పెట్టండి, లింక్డ్ డివైసెస్ చూడండి, 1930 నెంబరును సేవ్ చేయండి. అరగంట పని. సహాయం కావలసినవారు ఓ.పి. వేళలలో మా నర్సింగ్ స్టేషనుకు రండి. సిగ్గుపడకండి. మేము కూడా నేర్చుకుంటూనే ఉన్నాము.

మీ క్షేమమును కోరుతూ,
నర్సింగ్ విభాగం తరఫున
నర్సింగ్ సూపరింటెండెంట్